రేడియో అన్నయ్య

ఖరగ్‌పూర్ నుంచి విశాఖ వైపు వెళ్లే రైలు బాలేశ్వర్, భద్రక్, కటక్, భువనేశ్వర్ దాటుతుంది. ఆ తర్వాత ఎడమ చేతి వైపు చిలికా సరస్సు కాసేపు కనిపించి మాయమవుతుంది. ఇంకొంచెం దూరం పోతే బరంపురం వస్తుంది. బోర్డు మీద బ్రహ్మపూర్ అని రాసి ఉంటుంది కానీ మనవాళ్ల నోట్లో అది బరంపురమే. మన ఊరి నుంచి దాదాపు ఐదు వందల కిలోమీటర్లు. సెలవులకు అమ్మమ్మగారి ఊరికి వెళ్లే పిల్లల్లో చాలామంది ఆ స్టేషను దాటే ఉంటారు. ఆ ఊళ్లోనే 1905 ఏప్రిల్ 13న న్యాయపతి రాఘవరావు గారు పుట్టారు. ఈ పేరు చెబితే మీ ఇంట్లో ఎవరూ గుర్తుపట్టకపోవచ్చు. రేడియో అన్నయ్య అని చెప్పి చూడండి, అమ్మమ్మలో, తాతయ్యలో ఎవరో ఒకరి ముఖం వెలుగుతుంది.

ఆయన పుట్టేనాటికి బరంపురం గంజాం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం అందులోకి వెళ్లింది. ఇంకో పన్నెండు రోజులకు రాఘవరావు గారికి 31 ఏళ్లు నిండుతాయి. మీరైతే నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు ఒక రాష్ట్రం వదిలి ఇంకో రాష్ట్రానికి వెళతారు. ఆయన పుట్టిన ఊరు ఉన్నచోటే ఉంది, దాని రాష్ట్రమే బదిలీ అయింది! అటూ ఇటూ రెండు మూడు భాషలు వినిపించే చోట పుట్టినవాళ్లకు సొంత భాష మీద ఒక ప్రత్యేకమైన శ్రద్ధ ఉంటుందని నాకు అనిపిస్తుంది. వీధిలో దొరకని దాన్ని ఇంట్లో వెతుక్కోవాలి కదా. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో గంజాం, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి పనికోసం ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ శ్రద్ధ ఉండేది. గోల్ బజారులో బంగ్లా, ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు, ఇంటి గడప దాటి లోపలికి వస్తే తెలుగు.

రాఘవరావు గారు పేరు తెచ్చుకున్నది మాత్రం బరంపురంలో కాదు, మద్రాసులో.

1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలయింది. ఎగ్మూరులో ఒక పాత బంగళా దాని ఇల్లు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు. తెలుగువాళ్లూ తమిళులూ ఒకే ప్రెసిడెన్సీలో ఉండేవారు కాబట్టి ఆ కేంద్రం రెండు భాషల్లోనూ మాట్లాడేది. అక్కడ తెలుగు పిల్లల కార్యక్రమాన్ని నడిపినవారు రాఘవరావు గారు, ఆయన భార్య కామేశ్వరి గారు. ఆవిడ 1908లో పుట్టారు, ఆయన కంటే మూడేళ్లు చిన్న. రేడియోలో ఆయన అన్నయ్య అయ్యారు, ఆవిడ అక్కయ్య అయ్యారు.

ఇక్కడ ఒక చిక్కుంది, మీరు గమనించారా? అన్నయ్య భార్య మనకు వదిన అవుతుంది. అక్కయ్య భర్త బావ అవుతాడు. భార్యాభర్తలు ఇద్దరూ ఒకే పిల్లలకు అన్నయ్యా అక్కయ్యా ఎలా అవుతారు? తెలుగు చుట్టరికాల లెక్కలో ఇది కుదరదు. అయినా తెలుగు దేశమంతా ఆ లెక్కను పక్కన పెట్టేసింది. రేడియో వదిన అని ఎవరూ అనలేదు. ఆవిడ ఒకరి భార్యగా కాక, తన పేరు మీద తానే పిల్లలకు దగ్గరయ్యారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

ఇంగ్లండులో బీబీసీ 1922లోనే పిల్లల కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో మాట్లాడేవాళ్లను అంకుల్, ఆంటీ అని పిలిచేవారు. కలకత్తా రేడియోలో పిల్లలకు గల్పదాదుర్ ఆసర్ ఉండేది, అంటే కథల తాతగారి సభ. మీ బెంగాలీ స్నేహితుల ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే దాని గురించీ, ఇందిరాదీ నడిపిన శిశుమహల్ గురించీ చెబుతారు. మామయ్య, తాతయ్య అయితే ఎదురుగా కూర్చుని చెబుతారు, మనం వింటాం. అన్నయ్య అలా కాదు, మన పక్కనే కూర్చుంటాడు, మనతో కలిసి అల్లరి చేస్తాడు, అమ్మ కోప్పడితే మనతో పాటు తనూ తిట్లు తింటాడు. రాఘవరావు గారి పిలుపులో ఈ తేడా ఉంది. కార్యక్రమంలో కూడా అదే ఉంది, ఎందుకంటే అందులో పెద్దలు పిల్లలకు పాడి వినిపించడం కంటే పిల్లలు పాడటమే ఎక్కువ.

1940లో ఆ దంపతులు మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. పిల్లలు కలిసే చోటు అది. ఆటలు, పాటలు, నాటికలు, కథలు, మాటల గారడీలు అక్కడ తయారయ్యేవి. రేడియోకు వెళ్లే పిల్లలు అక్కడి నుంచి వచ్చేవారు. తర్వాత తర్వాత చాలా ఊళ్లలో బాలానంద సంఘాలు పుట్టాయి. బాలానందం అనే మాట తెలుగు ఇళ్లలో పిల్లల రేడియో కార్యక్రమానికి మారుపేరైపోయింది.

1940లలో రేడియో అంటే ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన చేసిన పని ఎంత కష్టమో తెలియదు. ఆ పెట్టెలో గాజు వాల్వులు ఉండేవి. స్విచ్చి వేసిన వెంటనే మాట వచ్చేది కాదు, వాల్వులు వేడెక్కాలి. ఇంటి కప్పు కింద ఏరియల్ జాలీ కట్టాలి. రేడియో ఉంచుకోవడానికి పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. 1947లో దేశం మొత్తం మీద ఉన్న రేడియో సెట్లు దాదాపు రెండు లక్షల డెబ్బై అయిదు వేలు. ఇవాళ ఒక్క ఖరగ్‌పూర్‌లో ఉన్న సెల్‌ఫోన్లను లెక్కపెడితే ఎన్ని తేలతాయో మీరే ఊహించుకోండి. అప్పటికి ఆలిండియా రేడియోకు దేశంలో ఉన్న కేంద్రాలు ఆరే ఆరు, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో.

కాబట్టి ఒక వీధికి ఒక రేడియో ఉంటే అది గొప్ప. దాని చుట్టూ ఆ ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు, ఎదురింటి బామ్మ అందరూ చేరతారు. పిల్లల కార్యక్రమం అయినా సరే, వినేది పిల్లలు ఒక్కరే కాదు. ఇవాళ ఒకే గదిలో నలుగురు నాలుగు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నాలుగు పాటలు వినవచ్చు. అప్పుడు అలా కుదరదు. పాట నచ్చకపోతే పెద్దవాళ్లు లేచి మీట తిప్పేస్తారు, పిల్లల ఆనందం అంతటితో సరి. అయిదేళ్ల పిల్లవాడికి నవ్వు రావాలి, వాడి నాన్నకూ నవ్వు రావాలి, బామ్మకు తన చిన్నతనం గుర్తుకు రావాలి. ఈ మూడూ ఒకే పాటలో జరగాలి. పిల్లల పాట రాయడం తేలిక అనుకునేవాళ్లు ఒకసారి ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రోజుల్లో రేడియో కార్యక్రమాల్లో ఎక్కువ భాగం అప్పటికప్పుడు ప్రసారమయ్యేవి. ఇప్పటిలా రికార్డు చేసి, తప్పులు కోసేసి, సరిచేసి వదలడానికి వీలుండేది కాదు. ఎర్ర దీపం వెలిగిందంటే మైకు ముందు ఎవరు దగ్గినా, తుమ్మినా, పక్కవాడి జడ లాగినా అదంతా ఊరికంతా వినపడిపోతుంది. పెద్ద విద్వాంసులే గొంతు సవరించుకుని జాగ్రత్తగా కూర్చునే చోట పదిమంది పిల్లలను నిలబెట్టడానికి ధైర్యం కావాలి. మీ తరగతిలో పదిమందిని అయిదు నిమిషాలు గోల చేయకుండా నిలబెట్టమని మీ టీచరును అడిగి చూడండి.

ఆ పాటల ముడిసరుకు ఎక్కడిది? కొత్తగా రాసినవీ ఉన్నాయి, తరతరాలుగా ఇళ్లలో ఉన్నవీ ఉన్నాయి. తెలుగు ఇళ్లలో పిల్లల పాటకూ ఆటకూ మధ్య గోడ లేదు. చెమ్మచెక్క ఆడితే చేతులు కలుస్తూ పాట నడుస్తుంది. ఒప్పులకుప్ప తిరిగితే కళ్లు తిరిగేదాకా పాట తిరుగుతుంది. ఇంకో ఆటలో అందరూ వరసగా కాళ్లు చాపుకుని కూర్చుంటారు. ఒకరు పాడుతూ ఒక్కొక్క కాలినీ తాకుతూ పోతారు. పాట ఏ కాలి దగ్గర ఆగితే ఆ కాలు ముడుచుకోవాలి. అందులో మాటలకు సగం అర్థం ఉంటుంది, సగం ఉండదు. అయినా ఎవరూ అర్థం అడగరు. తన కాలు వంతు ఎప్పుడొస్తుందా అని చూడటంలోనే ఉంది నవ్వంతా. ఈ ఆటలో అమ్మా నాన్నా కూర్చుంటే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే కింద బాసింపట్టు వేయడం వాళ్లకు కష్టం, లేవడం మరీ కష్టం.

అర్థం లేని మాట ఎందుకు నవ్విస్తుంది? దీనికి మన ఊరి పిల్లల దగ్గర మంచి ఉదాహరణ ఉంది. తెలుగులో మాటకు తోకగా గి, గీ తగిలిస్తాం. పుస్తకం గిస్తకం, టీ గీ, రైలు గీలు. బెంగాలీలో ట తగిలిస్తారు. బొయి-టొయి, చా-టా. హిందీలో వ తగిలిస్తారు. చాయ్-వాయ్. మూడు భాషల్లోనూ ఆ తోకకు విడిగా అర్థం లేదు. కానీ తోక తగిలించగానే మాట కొంచెం గెంతుతుంది, కొంచెం వెక్కిరిస్తుంది. ఏ భాషలో ఏ తోక తగిలించాలో పుస్తకంలో ఎవరూ నేర్పరు. అది వింటూ పెరిగితే వస్తుంది. ఖరగ్‌పూర్‌లో పెరిగిన పిల్లవాడు టీ-టా అన్నాడంటే వాడి చెవిలో బెంగాలీ గట్టిగా కూర్చుందని అర్థం. తప్పేం లేదు, రెండూ వస్తే మరీ మంచిది. కానీ టీ గీ అనే గెంతు ఒక ఇంట్లో ఒక్కసారి పోతే దాన్ని వ్యాకరణం పుస్తకం తిరిగి తెచ్చివ్వలేదు. పాట తెస్తుంది, హాస్యం తెస్తుంది. రాఘవరావు గారు ఇలా సిద్ధాంతం చెప్పారని నేను అనడం లేదు. ఆయన చేసిన పనిని చూస్తే నాకు తోచింది ఇది.

పెద్దవాళ్లను నవ్వించే పొర వేరు. తెలుగువాళ్ల ఇళ్లలో పూర్వం బొమ్మల పెళ్లిళ్లు చేసేవారు. ఒక అమ్మాయి బొమ్మ పెళ్లికూతురు, ఇంకో అమ్మాయి బొమ్మ పెళ్లికొడుకు. ఇక చూడండి, ఎదురుకోళ్లు, అలకలు, కానుకల దగ్గర బేరాలు, వంటలో ఉప్పు తక్కువైందని వియ్యపురాలి మూతి విరుపులు. పిల్లలకు అదంతా ఆట. పెద్దవాళ్లకు అద్దంలో తమ ముఖం. పిల్లల నోటి నుంచి వియ్యపురాలి మాటలు వస్తుంటే నవ్వకుండా ఉండగలిగే వియ్యపురాలు ఎవరు? కొత్తల్లుడి అలక, పిసినారి షావుకారు, నిద్రపోయే పంతులుగారు, ఇవన్నీ ఇలాంటివే. చిన్నవాళ్లు శబ్దానికి నవ్వుతారు, పెద్దవాళ్లు సంగతికి నవ్వుతారు. ఒకే పాట, నవ్వు మాత్రం రెండు అంతస్తుల్లో.

గొలుసు కథ కూడా తెలుగువాళ్ల సొమ్మే. ఏడు చేపల కథ మీకు తెలిసే ఉంటుంది. ఎండని చేప గడ్డివాము మీద నేరం తోస్తుంది, వాము ఆవు మీద తోస్తుంది, అలా పోయి పోయి చివరకు చీమ దగ్గర ఆగుతుంది. ప్రతిసారీ ప్రశ్న అదే, జవాబు మాత్రం మారుతుంది. మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి వినే పిల్లవాడు కూడా ప్రశ్న అందుకుంటాడు. చెప్పేవాళ్లు, వినేవాళ్లు అనే తేడా పోతుంది. పిల్లల రేడియోకు ఇది ఎంత బాగా సరిపోతుందో ఆలోచించండి. పెట్టెలో పిల్లలు అడుగుతుంటే పెట్టె బయట పిల్లలు కూడా అడుగుతారు.

బాలానంద సంఘం పిల్లల పాటలు, చిన్న నాటికలు కొన్ని గ్రామఫోను రికార్డులుగా కూడా వచ్చాయి. రేడియోలో వచ్చింది గాలిలో కలిసిపోతుంది, మళ్లీ వినాలంటే కుదరదు. రికార్డు అయితే సూది అరిగేదాకా వినవచ్చు.

పాట చెవికి, మరి కంటికో? 1945 ఆగస్టులో ఆ దంపతులు బాల అనే మాసపత్రిక మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నెల అది. యుద్ధకాలంలో కాగితానికి రేషను ఉండేది, అచ్చు వేయడం అన్నివిధాలా కష్టం. అలాంటి సమయంలో కేవలం పిల్లల కోసం బొమ్మలతో, పాటలతో, కథలతో పత్రిక తేవడానికి పూనుకున్నారు. మనందరికీ తెలిసిన చందమామ రావడానికి ఇంకా రెండేళ్లు ఉంది, అది 1947 జులైలో వచ్చింది. బాలలో లటుకు, చిటుకు అనే ఇద్దరు అల్లరివాళ్లు ఉండేవారు. ఆ పేర్లు ఒకసారి పైకి పలికి చూడండి. కథ చదవక ముందే నాలుక గంతులేస్తుంది.

ఆ పత్రికకు పెద్దలే కాదు, పిల్లలు కూడా రాసి పంపేవారు. అలా వచ్చిన వాటిలో ఒక కథ పేరు అమ్మ మాట వినకపోతే. రాసిన అబ్బాయి పేరు ముళ్లపూడి వెంకటరమణ. 1931లో పుట్టాడు, అప్పటికి పద్నాలుగేళ్లు. బొమ్మ గీసి పంపిన ఇంకో అబ్బాయి సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరులో పుట్టాడు, 1945లో బొమ్మ అచ్చయ్యేనాటికి పన్నెండో ఏడు నడుస్తోంది. ఈ రెండో అబ్బాయిని తర్వాత లోకం బాపు అని పిలిచింది. రమణ రాసిన బుడుగుకు బాపు బొమ్మలు గీశారు. పిల్లవాడి నోటితో పెద్దవాళ్ల లోకాన్ని వెక్కిరించే పుస్తకం అది. తెలుగు ఇళ్లలో తండ్రీ కొడుకులు ఒకే పుస్తకం లాక్కుని చదివి నవ్వారంటే ముందు చెప్పవలసిన పేరు బుడుగే. వాళ్లిద్దరూ కలిసి తీసిన సినిమాల గురించి మీ అమ్మగారికి నాకంటే ఎక్కువే తెలుసు.

బాపు, రమణలు గొప్పవాళ్లు అవుతారని 1945లో ఎవరికీ తెలియదు. వచ్చిన ఉత్తరాల కట్టలో అవి రెండు కాగితాలు. పిల్లల రాతలు అచ్చు వేస్తే పత్రిక స్థాయి తగ్గుతుందని భయపడే సంపాదకులు ఇవాళ కూడా ఉన్నారు. అన్నయ్యా అక్కయ్యా భయపడలేదు. మైకు ముందు పిల్లలను నిలబెట్టినవాళ్లే కదా, అచ్చులో కూడా అదే పని చేశారు. తప్పులు ఉంటాయి, గొంతు వణుకుతుంది, బొమ్మలో చెయ్యి కాలి కంటే పొడుగవుతుంది. ఉంటే ఉండనీ అనుకున్నారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద విషయంగా కనిపించేది ఇదే. సంఘాలు పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, పత్రికలు నడిపినవాళ్లు ఉన్నారు. పిల్లలను శ్రోతలుగా మాత్రమే చూడకుండా పని చేసేవాళ్లుగా చూసినవాళ్లు తక్కువ.

బాల 1959 దాకా నడిచింది. రంగుల అచ్చు, పెద్ద పెట్టుబడి ఉన్న పత్రికలు వచ్చాక చిన్న పత్రికలకు నిలదొక్కుకోవడం ఎప్పుడూ కష్టమే.

ఈలోగా దేశం పటం మళ్లీ మారింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది, హైదరాబాదు రాజధాని అయింది. తెలుగు కార్యక్రమాలకు మద్రాసు కేంద్రం ఒక్కటే దిక్కు అనే రోజులు పోయాయి. విజయవాడలో 1948లోనే కేంద్రం మొదలయింది. హైదరాబాదులో నిజాం కాలపు డెక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. మన ఊళ్లకు దగ్గరగా విశాఖ కేంద్రం 1963లో వచ్చింది. రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1956లో మద్రాసు వదిలి హైదరాబాదు చేరారు. అప్పటికి ఆయనకు యాభై ఒక్కేళ్లు. ఆ వయసులో, ఇరవై ఏళ్లకు దగ్గరగా అలవాటైన ఊరు వదిలి, తెలుగుతో పాటు ఉర్దూ గట్టిగా వినిపించే నగరంలో మళ్లీ మొదటి నుంచి పిల్లలను పోగుచేయాలి. సామాను సర్దడం, పాత స్నేహితులను వదలడం, కొత్త చోట ఎవరితో మొదట మాట్లాడాలో తెలియక నిలబడటం, ఇవన్నీ మీకు పాఠం చెప్పనవసరం లేదు. రైల్వేలోనో, కలైకుండ వాయుసేన స్థావరంలోనో పనిచేసే ఇంటి పిల్లలు అవన్నీ అనుభవంతో నేర్చుకున్నవాళ్లే.

కొత్త ఊళ్లో ఆ దంపతులు చేసింది పాత పనే. ఆంధ్ర బాలానంద సంఘం హైదరాబాదుకు వచ్చింది. రేడియోలో బాలానందం కొనసాగింది. ఆదివారం మధ్యాహ్నం రేడియో దగ్గర కూర్చున్న పిల్లల తరం ఒకటి మద్రాసు మాటే తెలియకుండా హైదరాబాదు కేంద్రం నుంచి అన్నయ్యనూ అక్కయ్యనూ వింటూ పెరిగింది. మద్రాసులో పాడిన పిల్లలు అప్పటికి ఉద్యోగాల్లో చేరారు, కొందరికి పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు. వాళ్ల పిల్లలు కూడా ఆయన్ను అన్నయ్యా అనే పిలిచారు. అమ్మకూ అన్నయ్యే, కూతురికీ అన్నయ్యే. పైన చెప్పిన చుట్టరికాల చిక్కు ఇక్కడికి వచ్చేసరికి పూర్తిగా ముడిపడిపోయింది.

1950ల చివర నుంచి చిన్న ట్రాన్సిస్టర్లు వచ్చాయి. రేడియో బల్ల మీద నుంచి చేతిలోకి దిగింది. పొలానికి వెళ్లింది, టీ దుకాణానికి వెళ్లింది, రైల్వే గేటు కాపలావాడి గుడిసెలోకి వెళ్లింది. వినేవాళ్లు పెరిగారు. అందరూ కలిసి వినడం మాత్రం మెల్లగా తగ్గడం మొదలయింది. ఒకే ఇంట్లో రెండో రేడియో వచ్చిన రోజున నాన్నకు వార్తలు ఒక గదిలో, పిల్లలకు పాటలు ఒక గదిలో. తర్వాత టీవీ వచ్చి మళ్లీ అందరినీ ఒక గదిలోకి లాగింది. 1982 ఆసియా క్రీడలప్పుడు రంగుల టీవీ వచ్చింది. అయితే టీవీ ముందు కూర్చున్నవాళ్లు చూస్తారు, రేడియో ముందు కూర్చున్నవాళ్లు తామూ పాడతారు. రేడియోలో బొమ్మ లేకపోవడం వల్ల అక్కడ ఒక ఖాళీ ఉంటుంది. లటుకు ఎలా ఉంటాడో, చీమ పుట్ట ఎంత ఎత్తో వినే పిల్లవాడే కట్టుకోవాలి. ఇదేదో పాతకాలమే గొప్ప అని చెప్పడానికి అనడం లేదు. ఇప్పుడు ఫోనులో వెతికితే వంద పిల్లల పాటలు దొరుకుతాయి, మంచివి కూడా ఉన్నాయి. వాటిలో చాలావాటిని రెండోసారి వినమంటే నాన్న వంటింట్లోకి పారిపోతాడు. ఆ తేడా ఒకటి ఉంది.

కామేశ్వరి గారు 1980లో కన్నుమూశారు. ఒకే మైకు ముందు కలిసి మాట్లాడిన ఇద్దరిలో ఒకరు వెళ్లిపోయారు. తెలుగు పిల్లలకు అక్కయ్య లేదు, అన్నయ్య ఒక్కరే మిగిలారు. పిల్లల సంఘం పనులు మాత్రం ఆగలేదు.

రాఘవరావు గారు 1984 ఫిబ్రవరి 24న పోయారు. 79 నిండటానికి ఇంకా నెలన్నర ఉంది. మద్రాసులో ఆయన దగ్గర మొదట పాడిన పదేళ్ల పిల్లలు అప్పటికి యాభై దాటినవాళ్లు, కొందరు తాతలు, కొందరు అమ్మమ్మలు. అంతమంది తాతలయ్యారు కానీ ఆయన తాతయ్య కాలేదు. రేడియో అన్నయ్య ఇక లేరనే వాళ్లంతా అనుకున్నారు.